గోమార్ల మందు

కుక్క గోమార్లకు ఇంటిమందు ఏమిటని ఈ మధ్య ఒక మిత్రుడు అడిగాడు. వేపనూనె అని ఒక్కమాటలో చెప్పి ఊరుకోవచ్చును. కాని ఆ ప్రశ్న వినగానే నాకు సత్తెనపల్లిలో మా తాతగారి యింటి వసారా, అందులో ఒక మూల పరచిన గోనెపట్టా, దానిమీద పడుకొని చెవి గోక్కునే టైగరు గుర్తుకు వచ్చాయి. ఊళ్ళో ఏ పంట పండితే ఆ పంట మందే కుక్కకూ పట్టిస్తారన్న సంగతి నాకు టైగరు వల్లనే తెలిసింది. అందుచేత జవాబు కాస్త పొడుగయింది.

ముందు పేరు సంగతి. కుక్క ఒంటిమీద గెంతే పురుగు వేరు, చర్మానికి కరుచుకొని సెనగగింజలా ఉబ్బేది వేరు. మొదటిదానికి ఆరు కాళ్ళు, రెండవదానికి ఎనిమిది. అది సాలెపురుగుకు చుట్టం. మా యింట గెంతేదాన్ని పేను అనీ, వ్రేలాడేదాన్ని గోమారి అనీ అనేవారు గాని, మందు దగ్గరకు వచ్చేసరికి రెండూ గోమార్లే. గెంతే జాతి చరిత్రకెక్కింది మాత్రం ప్లేగు పుణ్యమా అని. ఎలుకమీది పురుగే ప్లేగును మోసుకొస్తుందని పాల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు 1898లో కరాచీలో ప్రయోగం చేసి చెప్పాడు. చాలాకాలం ఎవరూ నమ్మలేదట.

మా తాతగారి కాలంలో మందంటే పొగాకు. 1920ల నుంచి గుంటూరు నల్లరేగడిలో వర్జీనియా పొగాకు నిలదొక్కుకుంది. 1976లో పొగాకు బోర్డును నెలకొల్పింది కూడా గుంటూరులోనే. అమ్మకానికి పనికిరాని ఈనెలూ కాడలూ ప్రతి యింటా పడి ఉండేవి. వాటిని రాత్రంతా నానబెట్టి, మరగకాచి, వడకట్టి, బట్టలసబ్బు ముక్క కలిపి కుక్కకు రుద్దేవారు. పురుగులు రాలేవి. అప్పుడప్పుడు కుక్క కూడా వాంతి చేసుకొని సాయంత్రందాకా తూలేది. పొగాకులోని నికొటిన్ పురుగు నరాన్నీ కుక్క నరాన్నీ వేరుగా చూడదు. పైగా చర్మం గుండా లోపలికి పోతుంది. మా వాళ్ళకు నికొటిన్ పేరు తెలియదు. “ఘాటెక్కింది” అని మజ్జిగ పోసేవారు.

వేపనూనె, కానుగనూనె ఆడవాళ్ళ మందులు. తలలో పేలకు వాడే సీతాఫలం గింజల పొడిని కుక్కకూ పట్టించేవారు. అది కంట్లో పడితే కన్ను ఎంత దెబ్బతింటుందో తెలిసినవాళ్ళు మాత్రం దాని జోలికి పోయేవారు కారు. వేపగింజలో ఉన్న అజాడిరక్టిన్‌ను శాస్త్రజ్ఞులు వేరుచేసింది 1968లో. అది పురుగును అక్కడికక్కడ చంపదు, తిండి మీద విరక్తి పుట్టించి, ఎదుగుదలను చెడగొడుతుంది. వేపనూనె రాసిన మరునాడే “గుణం లేదు” అనేవాళ్ళకు ఇదే సమాధానం.

అన్నిటికన్నా బాగా పనిచేసినదాన్ని మేము మందుగా లెక్కపెట్టనేలేదు. మా నాయనమ్మ రోహిణి కార్తెలో ఆ గోనెపట్టాను కర్రతో ఎత్తి మిట్టమధ్యాహ్నపు ఎండలో బండమీద పడేసేది. వసారా మూలంతా ఊడ్చి, ఆ చెత్తను పొయ్యిలో వేసి, నేల అలికేది. అది శుభ్రం పిచ్చి అనుకునేవాళ్ళం. గెంతే పురుగు సంసారమంతా కుక్కమీద ఉండదని నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. గుడ్లు జారి నేలమీద పడతాయి. పిల్లపురుగులు పక్కగుడ్డ పోగుల్లో, నేల పగుళ్ళలో దాక్కొని, పెద్దవి విసర్జించిన ఎండునెత్తురు తిని పెరుగుతాయి. ఆపైన గూడు కట్టుకొని, అడుగుల అదురో ఒంటి వేడో తగిలేదాకా కొన్ని నెలలు కూడా ఆగగలవు. మన కంటికి కనబడే పెద్దపురుగులు మొత్తం సంతతిలో ఇరవయ్యో వంతు మాత్రమే అంటారు. గుడ్డూ పిల్లపురుగూ పొడి ఎండకు తాళలేవు. మా పల్నాటి ఎండకు మనుషులమే తాళలేము, అవెంత!

1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు ఇందిరాగాంధీ నీరు వదిలారు. తరువాతి ఇరవై ఏళ్ళలో మా చుట్టుపక్కల పత్తి కమ్ముకుంది. పత్తితోబాటు డబ్బాలు వచ్చాయి. మొదట గమాక్సిన్ పొడి. చీమలకు, ధాన్యానికి, పశువుల పిడుదులకు, కుక్కలకు, అన్నిటికీ అదే. చేత్తోనే చల్లేవారు. ఆ పొడి చర్మంలో, కొవ్వులో నిలవ ఉంటుందన్నది ఎవరికి తెలుసు? బీహెచ్‌సీని మనదేశంలో నిషేధించింది 1997లో.

1986 వానాకాలంలో టైగరుకు మళ్ళీ పురుగులు పట్టాయి. నాయనమ్మ అప్పటికి లేదు. మా నాన్నగారు పత్తికి కొట్టగా మిగిలిన మోనోక్రోటోఫాస్ డబ్బాలోంచి మూత నిండా తీసి బక్కెట్టు నీళ్ళలో కలిపారు. చేలో అంత పెద్ద పురుగును చంపేది దీన్ని చంపదా అన్నది ఆయన తర్కం. నేను చెంబుతో పోశాను. గంట గడవకముందే టైగరు నోటివెంట చొంగ కారింది, కాళ్ళు వణికాయి, ఊపిరి అందలేదు. అట్రోపిన్ సూది వేస్తే బతికేదేమో. పశువుల డాక్టరు వచ్చేసరికి చీకటి పడింది. ఆ గోనెపట్టాలోనే చుట్టి పాతిపెట్టాము. నాన్నగారు ఆ సంగతి మళ్ళీ ఎన్నడూ ఎత్తలేదు.

మరుసటి ఏడు, 1987-88లో, గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిచేలను తెల్లదోమ ముంచెత్తింది. ఎన్నిసార్లు కొట్టినా అది చావలేదు. అప్పుల్లో మునిగిన రైతులు ఆ డబ్బాలనే తాగారు. పురుగు మందుకు అలవాటుపడుతుంది, మనిషి పడడు. కుక్క కథను ఆ మరణాల పక్కన పెట్టడం కొందరికి రుచించకపోవచ్చు. కాని మా యింట రెండూ ఒకే అరమీది డబ్బా.

పైరిత్రాయిడ్లు కూడా అప్పటికే పత్తిచేలకు వచ్చి, అక్కడినుంచి పశువుల ఒంటికి పాకాయి. కుక్క తట్టుకొనే పర్మెత్రిన్ పిల్లికి ప్రాణాంతకం, పిల్లి ఉన్నవారు గమనించగలరు. 1990ల్లో ఇమిడాక్లోప్రిడ్ వచ్చింది. నేడు పత్తి విత్తనానికి పట్టించేదీ, కుక్క మెడమీద వేసే చుక్కల మందుల్లో కొన్నిటిలో ఉండేదీ అదే. విచిత్రమేమిటంటే అది నికొటిన్ దెబ్బతీసే చోటనే దెబ్బతీస్తుంది. కాకపోతే పురుగు నరాన్ని పట్టుకున్నంత గట్టిగా కుక్క నరాన్ని పట్టుకోదు. తాతగారి పొగాకు నీళ్ళకు వరసైనదే నన్నమాట. పేరు ఒకటే కదా అని పొలం డబ్బాలోంచి తీసి కుక్కకు పూసేవాళ్ళను మాత్రం ఇప్పటికీ చూస్తున్నాను. గాఢత వేరు, కలిపిన ద్రావకాలు వేరు.

మిత్రుడికి డాక్టరును అడిగి చుక్కల మందు వేయించమన్నాను. అంతకన్నా ముందు కుక్క పడుకునే గుడ్డ తీసి ఎండలో వేయమన్నాను. వాళ్ళ అపార్టుమెంటులోకి ఎండ రాదట.