రోవర్ పోయాక సెంటర్: ఐస్ హాకీలో నడిమి మనిషి పుట్టుపూర్వోత్తరాలు

జాతీయ హాకీ పోటీలకు మన పుదుచ్చేరి జట్టు ‘లె పుదుచ్చేరి హాకీ’ అన్న పేరుతో వెళ్తుంది. ఇంగ్లీషువాళ్ల ఆటకు ఫ్రెంచి ఊరు తోడైన సంగతి ఆ పేరులోనే ఉంది. అలాంటి కలయికే సముద్రాల అవతల, ఫ్రెంచి మాట్లాడే మాంట్రియల్‌లో, మంచు మీద జరిగింది. మంచు ఎరగని మన ఊళ్లో టీవీలో ఐస్ హాకీ చూసేవాళ్లకు వింగర్ పని, గోలీ పని ఇట్టే తెలిసిపోతాయి. సెంటర్ పనే అంతుపట్టదు. ఎప్పుడు చూసినా ఎక్కడో ఒకచోట పరుగులోనే ఉంటాడు. ఎందుకో తెలియాలంటే ఆ స్థానం ఎలా పుట్టిందో చూడాలి.

1875 మార్చి 3న మాంట్రియల్ విక్టోరియా స్కేటింగ్ రింక్‌లో జేమ్స్ క్రైటన్ ఏర్పాటు చేసిన ఆటలో ఒక్కో వైపు తొమ్మిదిమంది ఆడారు. రెండేళ్ల తర్వాత ఆ ఊరి ‘గెజెట్’ పత్రికలో అచ్చయిన నిబంధనలు చాలావరకు ఇంగ్లండ్ గడ్డి హాకీ నుంచి తెచ్చుకున్నవే. ఆట మైదానం నడుమ ‘బుల్లీ’తో మొదలవ్వాలన్నది వాటిలో మొదటిది. మన పాత హాకీ ఆటగాళ్లకు బుల్లీ బాగా తెలుసు: ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, నేలకూ అవతలివాడి కర్రకూ తమ కర్రలు తాకించి, బంతి కోసం కలబడడం. మంచు మీద ఆ బుల్లీయే కాలక్రమంలో రిఫరీ పక్ అనే బిళ్లను జారవిడిచే ఫేసాఫ్‌గా మారింది. అక్కడ వంగి నిలబడేవాడే సెంటర్.

కానీ ఇప్పటి సెంటర్‌ను తయారు చేసింది ఫేసాఫ్ ఒక్కటే కాదు. 1880ల నుంచి జట్టుకు ఏడుగురు ఉండేవారు. ఆ ఏడోవాడు రోవర్. అతనికి కట్టుబడిన చోటు లేదు. దాడిలో ఉంటాడు, మరుక్షణం వెనక్కి వచ్చి అడ్డుకుంటాడు. ‘సైక్లోన్’ టేలర్ లాంటి మేటి స్కేటర్లు ఆ స్థానంలో వెలిగారు. 1911–12 సీజన్‌లో, ఇప్పటి ఎన్‌హెచ్‌ఎల్‌కు ముందున్న నేషనల్ హాకీ అసోసియేషన్ రోవర్‌ను తీసేసి ఆరుగురితో ఆడించింది. పసిఫిక్ తీరపు లీగ్ మాత్రం అతన్ని 1922 దాకా వదల్లేదు. మనిషి పోయాడు గానీ పని పోలేదు. అందులో పెద్ద వాటా సెంటర్ నెత్తిన పడింది. నా దృష్టిలో సెంటర్ చరిత్రలో అసలు మలుపు ఇదే.

ఆ బరువును ముందుగా అందంగా మోసినవాడు అటావా సెంటర్ ఫ్రాంక్ నైబర్. కర్ర చాచి ఎదుటివాడి పక్‌ను పొడిచి తప్పించడంలో అతను దిట్ట. ఎన్‌హెచ్‌ఎల్‌లో అత్యంత విలువైన ఆటగాడికిచ్చే హార్ట్ ట్రోఫీని 1924లో మొట్టమొదట అందుకున్నది అతనే. 1929–30లో రింక్ అంతటా ముందుకు పాస్ ఇచ్చే వీలు వచ్చాక నడిమి మనిషి చూపుకు విలువ ఇంకా పెరిగింది. ఎన్‌హెచ్‌ఎల్ సెంటర్ గ్రెట్జ్‌కీని చూడండి: 894 గోల్స్ కొట్టాడు, 1,963 గోల్స్‌కు పాస్‌లు అందించాడు. గోల్స్, పాస్‌లు కలిపినా ఇంకెవరి మొత్తమూ ఆ పాస్‌ల సంఖ్యను అందుకోలేదు.

అయినా మేటి సెంటర్‌కు కొలత అంకెలే అంటే ఒప్పుకోలేను. తమ గోల్ ముందు ఇద్దరు డిఫెన్స్ ఆటగాళ్లకు మూడోవాడుగా నిలబడేది సెంటరే. వింగర్లు కాస్త పైన కాపు కాస్తారు. మూలలో పక్ గెలిచాక దాన్ని నడిమి దారిన పైకి తీసుకుపోవాల్సిందీ అతనే. ముప్పావు నిమిషం విడతలో ఈ రెండు చివరలూ తిరిగి, బెంచీ మీద ఊపిరి తీసుకుని మళ్లీ దిగాలి. 1994లో డెట్రాయిట్ సెంటర్ సెర్గీ ఫెదొరొవ్ గోల్స్, పాస్‌లు కలిపి 120 పాయింట్లు తెచ్చి హార్ట్ ట్రోఫీనీ, బాగా అడ్డుకునే ఫార్వర్డ్‌కిచ్చే సెల్కీ ట్రోఫీనీ ఒకే సీజన్‌లో గెలిచాడు. బోస్టన్ సెంటర్ పాట్రిస్ బెర్జిరాన్ ఆ సెల్కీని ఆరుసార్లు అందుకున్నాడు. అతన్ని గుర్తుంచుకోవలసింది ముఖ్యంగా ఇందుకే అనిపిస్తుంది.

మనకు ఇది కొత్త కాదు. 1975లో కౌలాలంపూర్‌లో ప్రపంచ కప్ గెలిచిన భారత జట్టు కెప్టెన్ అజిత్‌పాల్ సింగ్ సెంటర్ హాఫ్. గడ్డి మీద దాడికీ రక్షణకూ మధ్య అతను చేసిన పనిని మంచు మీద సెంటర్ చేస్తాడు, ఇంకాస్త వేగంగా, ఇంకాస్త ఇరుకులో. ఈసారి ఐస్ హాకీ చూసేటప్పుడు పక్ వెంట కళ్లు పరిగెత్తించకండి. తన జట్టు పక్ పోగొట్టుకున్న క్షణాన సెంటర్‌ను చూడండి. మంచివాడైతే అప్పటికే వెనక్కి తిరిగి స్కేట్ చేస్తూ ఉంటాడు.