పాతబస్తీ హోటళ్లు చెప్పే చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు పాతబస్తీ మీద ఒక వ్యాసం రాయమని కార్యవర్గం వారు కోరారు. చార్మినార్, మక్కా మసీదు, సాలార్‌జంగ్ మ్యూజియం గురించి రాసినవారు చాలామంది ఉన్నారు. అందుచేత నేను అక్కడి హోటళ్ల గురించి రాయదలచాను. 1974లో నల్గొండ జిల్లా నుంచి గుమాస్తా ఉద్యోగానికి వచ్చిన నాకు ఈ మహానగరాన్ని పరిచయం చేసినవి ఆ హోటళ్లే. ఈ ఊరికి ఏ దేశంవారు ఎప్పుడు వచ్చారో, ఎందుకు ఉండిపోయారో అక్కడి వంటలను చూస్తే తెలుస్తుంది.

ముందుగా ఇరానీ హోటళ్ల సంగతి. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా ఈ నగరానికి పునాది వేసినప్పుడు ఆయన కొలువులో పేష్వాగా ఉన్నవాడు మీర్ మోమిన్ అస్త్రాబాదీ. పేరునుబట్టే తెలుస్తున్నది, ఆయన ఇరాన్‌లోని అస్త్రాబాదువాడు. నగర నిర్మాణ పథకంలో ఆయన పాత్ర పెద్దదని చరిత్రకారులు చెబుతారు. ఆయన సమాధి పాతబస్తీలోనే దాయరా మీర్ మోమిన్‌లో ఉన్నది. తరువాత నిజాముల పాలనలో కూడా 1880ల దాకా పారశీకమే కచేరీ భాష. అయితే హోటళ్లు పెట్టిన ఇరానీలు వేరు. వారు పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట యజ్ద్ వంటి ప్రాంతాల నుంచి బతుకుతెరువు కోసం బొంబాయి, పూనాల మీదుగా వచ్చారు. మొదట వచ్చిన ఇరానీ నగరానికి నక్షా గీస్తే, మూడు వందల ఏళ్లకు వచ్చినవారు చాయ్ పోశారన్నమాట.

ఇక్కడ ఒక విశేషం చెప్పాలి. ఇరాన్‌లో చాయ్‌లో పాలు కలపరు. డికాక్షన్ వేరుగా దమ్ మీద ఉంచి, పాలు వేరుగా చిక్కగా మరిగించి, కప్పులో రెండూ కలిపే పద్ధతి ఈ నేల మీద పుట్టింది. దానితోపాటు తినే ఉస్మానియా బిస్కట్‌కు ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పేరు వచ్చింది. వచ్చినవారు ఈ ఊరిని మార్చారు, ఈ ఊరు వారినీ మార్చింది.

జిల్లాల నుంచి వచ్చిన మావంటి చిరుద్యోగులకు ఇరానీ హోటలు ఒక పాఠశాల. ఒక్క చాయ్ తాగి గంటసేపు కూర్చున్నా ఎవరూ లేవమనేవారు కారు. ఉర్దూ పత్రిక ఒక్కటే వచ్చేది. దాని కాగితాలు విడదీసి బల్ల బల్లకూ పంచుకునేవారు. చదవడం వచ్చినవారు పైకి చదివితే రానివారు వినేవారు. బైరా బిల్లు కాగితం ఇవ్వకుండా మనం తిన్నదాని మొత్తాన్ని గల్లా దాకా వినబడేలా కేక వేసేవాడు. ‘హౌ’ అంటే అవునని, ‘నక్కో’ అంటే వద్దని నేను నేర్చుకున్నది అక్కడే. ఆఫీసు పాత రికార్డుల్లో తగిలే మిసల్, తక్తా, ముద్దతు వంటి మాటల అర్థాలు కూడా ఆ బల్లల దగ్గరే పెద్దలను అడిగి తెలుసుకున్నాను. 1948 దాకా ఇక్కడి పరిపాలన ఉర్దూలో సాగింది గనుక ఆ మాటలు రాకపోతే పాత ఫైలు ముందుకు కదిలేది కాదు.

గుమాస్తాలమైన మనం గర్వించదగిన దుకాణం ఒకటి పురానీ హవేలీ దగ్గర వెలసింది. దాని పేరు మున్షీ నాన్. నాలుగో నిజాం నాసిరుద్దౌలా కాలంలో సర్కారు కచేరీలో మున్షీగా, అంటే మనలాగే రాతకోతల ఉద్యోగిగా పనిచేసిన వ్యక్తి 1851లో దానిని ప్రారంభించాడని ఆ దుకాణం వారు చెబుతారు. బావిలాంటి భట్టీ గోడకు అంటించి కాల్చే నాలుగు మూలల నాన్ అక్కడి ప్రత్యేకత. ఆ మున్షీ రాసిన ఫైళ్లు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. ఆయన మొదలుపెట్టిన నాన్ మాత్రం తరతరాలుగా నిలిచింది. దీనికి జోడీ నహారీ. ఈ మాటకు మూలం పగలు అని అర్థమిచ్చే అరబ్బీ పదం. రాత్రంతా సన్నని సెగ మీద ఉడికే ఈ పులుసును తెల్లవారుజామున తినాలి. మాంసం ముట్టని మిత్రులు నిరుత్సాహపడనక్కరలేదు. గుల్జార్ హౌజ్ పరిసరాల్లో గోవింద్ బండి దోసెకు చాలా పేరున్నది. ఎండు ఆప్రికాట్లతో చేసే ఖూబానీ కా మీఠా ఎలాగూ ఉన్నది.

ఇక అరబ్బులు. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్ దేశపు హద్రమౌత్ ప్రాంతం నుంచి వారు వచ్చారు. వారుండిన సైనిక బారకాసులే జనం నోట ‘బార్కస్’ అయ్యాయి. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తరువాత ఆ సైన్యం రద్దయింది. కొందరిని వెనక్కి పంపారు, మిగిలినవారు ఇక్కడే స్థిరపడ్డారు. గోధుమలు, మాంసం కలిపి మెత్తగా దంచే వారి హరీస్‌కు మన మసాలాలు చేరి హలీం అయింది. పత్తర్‌గట్టీ సమీపంలోని మదీనా భవనాన్ని వక్ఫ్ చేసినది దాని అద్దెలు అరేబియాలోని మదీనా నగరానికి పంపడానికి. ఆ భవనంలో 1947లో తెరిచిన మదీనా హోటల్ రంజాన్ హలీంను హోటల్ వంటకంగా జనానికి అలవాటు చేసిన వాటిలో ముఖ్యమైనది. 2010లో హైదరాబాదీ హలీంకు భౌగోళిక గుర్తింపు లభించింది. దేశంలో మాంసాహార వంటకానికి అటువంటి గుర్తింపు రావడం అదే మొదటిసారి. సిపాయిల గిన్నెలోని తిండి ఊరి పేరు మోసే వంటకమైంది.

ఈ హోటళ్ల విలువ రుచి ఒక్కదానిలోనే లేదు. 1978లోను, 1990 డిసెంబరులోను పాతబస్తీ అల్లర్లతో, కర్ఫ్యూతో ఎంత బాధపడిందో మన సభ్యులకు తెలుసు. ఆ రోజుల్లో పరిస్థితి ఎలా ఉన్నదని మేము రేడియోను అడగలేదు, హోటలు షట్టరును చూసేవాళ్లం. షట్టరు సగం లేచిందంటే ఊరు తేరుకుంటున్నదని అర్థం. లోపలికి వెళితే గల్లా మీద కూర్చున్న పెద్దాయన ‘సబ్ ఖైరియత్?’ అని అందరినీ ఒకే విధంగా పలకరించేవాడు. ఏ మతంవాడవని కప్పు అడగదు. బయట మొహం చాటేసుకున్నవారు లోపల ఒకే బల్ల దగ్గర కూర్చోవలసి వచ్చేది. శాంతి సంఘాల సమావేశాలకు మినిట్స్ పుస్తకాలున్నాయి. ఈ బల్లల దగ్గర కుదిరిన శాంతికి ఏ రికార్డూ లేదు.

అందుకే నా మనవి. ఇరానీ హోటళ్లు ఏటేటా తగ్గిపోతున్నాయి. అద్దెలు పెరిగాయి, వారసులు వేరే వృత్తుల్లోకి వెళ్లారు, గంటసేపు కూర్చునే తీరికా జనానికి లేదు. మక్కా మసీదు పక్కన 1993లో మొదలైన నిమ్రా కేఫ్ వంటివి జనంతో కళకళలాడుతున్న మాట నిజమే. కానీ మూలమలుపుల్లోని చిన్న హోటళ్లు పేరు కూడా మిగలకుండా మూతబడ్డాయి. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్ల మెట్రో మార్గం కోసం 2025లో ఆస్తుల సేకరణ, కూల్చివేతలు ప్రారంభమయ్యాయి. ఆ దారి దారుల్‌షిఫా, పురానీ హవేలీల మీదుగానే పోతుంది. మెట్రో వద్దని నేను అనను. ఈ వయసులో మనకూ సుఖమే. కానీ కట్టడం పోతే కనీసం దాని వివరమైనా మిగలాలి.

ఆ పని చేయగలవారు మనమే. జీవితమంతా తేదీ వేసి, సంతకం పెట్టి, రికార్డు భద్రపరచిన చేతులు మనవి. ప్రతి సభ్యుడూ తనకు తెలిసిన ఒక హోటలు పేరు, అది ఉన్న చోటు, ఏ ఏళ్లలో వెళ్లారు, ఏమి తిన్నారు, అక్కడ ఎవరెవరు కూర్చునేవారు అన్నవి ఒక పేజీలో రాసి సంఘ కార్యాలయానికి పంపగలరు. వీలైతే మనవలను, మనవరాళ్లను ఒక ఉదయం వెంట తీసుకువెళ్లి చూపించండి. షుగరు ఉన్నవారు పిల్లల చాయ్‌లోంచి ఒక్క గుక్క రుచి చూసి, కబుర్లతో సరిపెట్టుకోగలరు.