గంజాయి: దీర్ఘవ్యాధుల చికిత్సలో

గంజాయి మొక్కలోని కెనబినాయిడ్ రసాయనాల్లో రెండు వైద్యానికి ముఖ్యం: మత్తెక్కించే టీహెచ్‌సీ, మత్తు లేని సీబీడీ. ఈ మొక్కను పాశ్చాత్య వైద్యానికి పరిచయం చేసినవాడు కలకత్తాలో పనిచేసిన ఐరిష్ వైద్యుడు విలియం ఓషానసీ. ధనుర్వాతం, పసిపిల్లల ఫిట్స్ వంటి వాటిలో దాన్ని వాడి చూసి, 1839లో ఫలితాలు వెల్లడించాడు.

నేడు గట్టి ఆధారాలున్నది కొన్ని మొండి మూర్ఛల్లో. డ్రావే, లెనాక్స్-గాస్టో సిండ్రోమ్‌లు చిన్నతనంలోనే మొదలై, మామూలు మందులకు సరిగా లొంగవు. వీటికి శుద్ధి చేసిన సీబీడీ ద్రావణం ఎపిడియోలెక్స్‌ను అమెరికా 2018లో ఆమోదించింది. అది ఫిట్స్ సంఖ్యను తగ్గిస్తుంది. చాలామందిలో పూర్తిగా ఆపలేదు. ఆ తగ్గుదలే ఇలాంటి పిల్లలున్న ఇంటికి ఎంతో ఊరట. మగత, విరేచనాలు, కాలేయ ఎంజైములు పెరగడం దుష్ఫలితాలు. మూర్ఛ మందు వాల్‌ప్రోయేట్ కూడా వాడుతుంటే రక్తపరీక్షలు అసలు తప్పించకూడదు.

మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల వ్యాధిలో కండరాల బిగుతుకు, టీహెచ్‌సీ, సీబీడీ రెండూ కలిసిన నాబిక్సిమాల్స్ నోటి స్ప్రేను బ్రిటన్ 2010లో అనుమతించింది. దీర్ఘకాలిక నొప్పిలో మాత్రం లాభం స్వల్పం. రోగికి ఆ సంగతి ముందే చెప్పాలి. పొగ పీల్చే గంజాయి ఈ మందులకు ప్రత్యామ్నాయం కాదు, అందులో మోతాదు తెలియదు.

ఇక చట్టం విషయానికొస్తే, భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం పూత, కాయ ఉన్న కొసలనే గంజాయిగా నిర్వచించింది. విడి ఆకులు, గింజలు ఆ నిర్వచనంలోకి రావు.