ముట్లు ఆగే వయసు, గర్భసంచి ఆపరేషన్

రుతువిరతినే మెనోపాజ్ అంటారు. మన ఇళ్లలో ముట్లు ఆగిపోవడం అంటాం. వరుసగా 12 నెలలు నెలసరి రాకపోతే ఆగిపోయినట్టు లెక్క. మన దేశంలో ఇది సగటున 46, 47 ఏళ్లకు వస్తుంది. అంతకు ముందు కొన్నేళ్లు నెలసరి గాడి తప్పుతుంది. ఒక నెల రాదు, మరో నెల వస్తే ఆగదు. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు, రాత్రి చెమటలు, నిద్ర పట్టకపోవడం, ఊరికే కోపం. మార్కాపురం, గిద్దలూరు ఎండల్లో ఇదంతా ఉక్క అనుకుని అమ్మీలు ఊరుకుంటారు.

మన రాష్ట్రంలో చాలామందికి ముట్లు వాటంతట అవి ఆగడం లేదు, ఆపరేషన్‌తో ఆగుతున్నాయి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. ‘పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు? ఉంచితే కేన్సర్ అవుతుంది’ అన్న మాట వినని ఇల్లుందా? తెల్లబట్ట, అధిక రక్తస్రావం చాలావరకు మందులతో, హార్మోన్ లూప్‌తో తగ్గుతాయి. అనవసర ఆపరేషన్లను ఆపే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలను ఆదేశించింది.

గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే 35 ఏళ్ల మనిషికైనా వెంటనే మెనోపాజే. ఈస్ట్రోజెన్ పడిపోయి ఎముకలు గుల్లబారతాయి, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. అండాశయాలు ఉంచినా మెనోపాజ్ కొంత ముందే రావచ్చు. పశ్చిమ ప్రకాశంలో దీనికి ఫ్లోరైడ్ నీళ్లు తోడు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. కీళ్లు పట్టేయడం, నడుంనొప్పి ఫ్లోరైడ్ వల్ల కూడా వస్తాయి. కాబట్టి అంతా వయసు మీదికి నెట్టేసి కాల్షియం బిళ్లలతో సరిపెట్టకండి. ఏ నీళ్లు తాగుతున్నారో డాక్టరుకు చెప్పండి.

నమాజ్ సంగతి కూడా చాలామంది అడుగుతారు. హనఫీ ఫిఖహ్‌లో హైజ్ 10 రోజులకు మించదు. ఆపైన కనిపించేది ఇస్తిహాజా, అందులో నమాజ్, రోజా మానక్కర్లేదు. అయితే మసలా తేలింది కదా అని జబ్బు సంగతి వదిలేస్తాం, అక్కడే పొరపాటు. పది రోజులు దాటిన రక్తస్రావం ఆలిమాతో పాటు డాక్టరుకూ చెప్పాల్సిందే. ఇక ముట్లు ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా ఆలస్యం చేయొద్దు. అది కేన్సర్ గుర్తు కావచ్చు.

ఎవరైనా గర్భసంచి తీయాలంటే అడగాల్సినవి: స్కానింగ్‌లో ఏముంది? ముందు మందులు వాడి చూశామా? అండాశయాలు ఉంచుతారా? వెంటనే ఒప్పుకోకుండా మరో గైనకాలజిస్టుకు కూడా రిపోర్టులు చూపించండి. 30 దాటిన ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ పరీక్ష ప్రభుత్వ వైద్యంలో ఉచితమే.

ఇప్పటికే ఆపరేషన్ అయిన అమ్మీ, ఖాలా ఇంట్లో ఉంటే డిశ్చార్జి కాగితం వెతికి తీయండి. అండాశయాలు ఉన్నాయో లేదో అందులో రాసి ఉంటుంది.