కంటిలోని మురుగు కాలువ: గ్లాకోమా చుక్కల చరిత్ర

తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతముల రైతులకు నీటిపారుదలను గూర్చి ఎవ్వరును పాఠము చెప్పనక్కరలేదు. 1855లో బెజవాడ కడ కృష్ణకు ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఈ మూడు పట్టణముల చుట్టునున్న పొలములు కాలువ నీటితో పండుచున్నవి. 1957లో ఆ ఆనకట్ట స్థానమున ప్రకాశం బ్యారేజి వచ్చెను. చేనికి నీరు వచ్చుట ఎంత ముఖ్యమో, వచ్చిన నీరు పోవుటయు అంత ముఖ్యమని ఇచ్చటి రైతు ఎరుగును. తూములో నీరు ఎప్పటివలెనే పారుచున్నను, సముద్రము వైపు పోవు మురుగు కాలువ పూడినచో చేలు మునిగి వరి కుళ్ళిపోవును.

మనుష్యుని కంటిలోను ఇట్టి ఏర్పాటే కలదు. కార్నియా వెనుక నేత్రోదకమను పలుచని ద్రవము నిండియుండును. నల్లగుడ్డు వెనుకనున్న సిలియరీ భాగము దీనిని నిమిషమునకు రెండు మూడు మైక్రోలీటర్ల చొప్పున ఊరించుచుండును. ఆ ద్రవము కనుపాపగుండ ముందునకు వచ్చి, కార్నియాయు నల్లగుడ్డును కలియు మూలలోని జల్లెడవంటి కణజాలము ద్వారా రక్తములోనికి పోవును. కన్నీరు వేరు, ఇది వేరు. ఊరుటయు పోవుటయు సరిసమానముగా నున్నంతవరకు కంటిలోని పీడనము సాధారణముగా 10 మొదలు 21 మిల్లీమీటర్ల పాదరసము వరకు ఉండును. పోవు దారి అడ్డగింపబడినచో పీడనము పెరిగి, కంటి వెనుకనున్న దృష్టినాడి తంతువులు క్రమముగా నశించును. గ్లాకోమా యనునది ఇదే. మన పల్లెలలో నీటికాసులందురు.

దీనిలో ఒక రకము హఠాత్తుగా వచ్చును. కన్ను ఎర్రబడి, భరింపరాని నొప్పియు వాంతులును కలుగును. అట్టి రోగి ఎట్లయినను వైద్యుని కడకు పరుగెత్తును. ఎక్కువగా కనబడు రకమునకు నొప్పి లేదు. మొదట ప్రక్కచూపు తరుగును. ఎదుటి అక్షరములు చక్కగా కనబడుచుండుటచే రోగికి అనుమానమే రాదు. ఒకసారి పోయిన చూపు ఏ మందు చేతను తిరిగి రాదు.

పూర్వపు వైద్యులు మూసిన రెప్పపై వ్రేలితో నొక్కి, కన్ను రాయివలె గట్టిగానున్నదా యని చూచెడివారు. 1851లో హెల్మ్‌హోల్ట్జ్ నిర్మించిన నేత్రదర్శిని వలన దృష్టినాడి మొదలును బ్రతికియున్న మనుష్యునిలోనే చూచుట సాధ్యమయ్యెను. 1857లో బెర్లిను వైద్యుడు ఫాన్ గ్రేఫె, నల్లగుడ్డులో చిన్న ముక్కను కోసి తీసినచో హఠాత్తుగా వచ్చు గ్లాకోమా తగ్గునని చూపెను. అప్పటికింకను చుక్కల మందు లేదు.

ఆ మందు వచ్చిన దారి విచిత్రమైనది. పశ్చిమ ఆఫ్రికాలో, నేటి నైజీరియాలోని కలబారు ప్రాంతమున, ఎఫిక్ ప్రజలు నేరము మోపబడినవానిచేత ఒక చిక్కుడుజాతి గింజలను తినిపించెడివారు. వాంతి చేసికొని బ్రతికినవాడు నిర్దోషి, చచ్చినవాడు దోషి. ఈ గింజలు స్కాట్లండు చేరగా, 1855లో ఎడింబరో ఆచార్యుడు రాబర్ట్ క్రిస్టిసన్ వాని గుణము తెలియుటకై తానే కొంత తినెను. తల తిరిగి, ఒడలు స్వాధీనము తప్పుచుండగా, గడ్డము గీసికొనిన సబ్బునీటిని గటగట త్రాగి వాంతి చేసికొని బ్రతికెను. ప్రయోగము చేయు విద్యార్థులు దీనిని ఆదర్శముగా గొనరాదు!

1862లో అదే ఊరిలో థామస్ ఫ్రేజర్ ఆ గింజ రసము కనుపాపను ముడుచుకొనునట్లు చేయుటను గమనించెను. మరుసటి సంవత్సరము ఆర్గిల్ రాబర్ట్‌సన్ దానిని తన కంటిలోనే వేసికొని చూడగా కనుపాప సూదిమొనంత అయ్యెను. మన చేలగట్లమీద మొలచు ఉమ్మెత్తలోని ద్రవ్యములు చేయు పనికి ఇది సరిగా వ్యతిరేకము. ఉమ్మెత్త రసము కంట పడినచో కనుపాప విప్పారును. మూల ఇరుకుగానున్న కంటిలో ఆ విప్పారుటయే పోవు దారిని మూసి గ్లాకోమాను రేపగలదు. గింజనుండి వేరుచేయబడిన ఫైసోస్టిగ్మిను అను ద్రవ్యమును 1876లో స్ట్రాస్‌బుర్గ్ వైద్యుడు లుడ్విగ్ లాకర్ గ్లాకోమాకు వాడి, పీడనము తగ్గునని ప్రకటించెను. ఆయనయు ఆ వ్యాధితో బాధపడినవాడే. నేర పరీక్షకు పెట్టిన విషము ఇట్లు మొదటి మందయ్యెను.

మరుసటి సంవత్సరమే, 1877లో, ఆడాల్ఫ్ వెబర్ బ్రెజిలు దేశపు జబొరాండి ఆకునుండి తీసిన పైలోకార్పినును ప్రవేశపెట్టెను. ఇది కంటిలోని కండరమును బిగించి ఆ జల్లెడను లాగి తెరపించును, అనగా మురుగు కాలువలో పూడిక తీయుట వంటిది. ఇంచుమించు 100 సంవత్సరములు గ్లాకోమా రోగులకు ఇదియే ముఖ్యమైన ఆధారము. కాని దినమునకు నాలుగుసార్లు వేయవలెను. కనుబొమల మీద నొప్పి పుట్టును, కనుపాప చిన్నదగుటచే సందెవేళ దారి కనబడదు. నొప్పిలేని వ్యాధికి బాధపెట్టు మందును జీవితాంతము వాడుమన్న ఎందరు వాడుదురు?

1978లో అమెరికాలో అనుమతి పొందిన టిమలాలు ఈ చిక్కును చాలవరకు తీర్చెను. ఇది మురుగు కాలువ జోలికి పోదు. తూమునే కొంత దించి, ఊరు ద్రవమును తగ్గించును. దినమునకు ఒకటి రెండుసార్లు చాలును, కనుపాప మారదు. వైద్యులు సంతోషించిరి. అయితే కొలది కాలముననే, ఈ చుక్కలు వేసికొన్న ఉబ్బసపు రోగులకు ఊపిరి ఆడకపోవుటయు, కొందరు వృద్ధులకు నాడి మందగించి స్పృహ తప్పుటయు వైద్యుల దృష్టికి వచ్చెను. మరణములు కూడ సంభవించెను. కంటిలో వేసిన చుక్క ఊపిరితిత్తుల కెట్లు చేరెను?

ఇచ్చట తరగతిలో చేయదగిన చిన్న లెక్క కలదు. 0.5 శాతము టిమలాలు 1 మిల్లీలీటరులో 5 మిల్లీగ్రాముల మందుండును. మిల్లీలీటరుకు 20 చుక్కలనుకొన్నచో చుక్కకు పావు మిల్లీగ్రాము. ఆ చుక్క 50 మైక్రోలీటర్లు. కంటి వెలుపల, రెప్పలోపల పట్టునది 30 మైక్రోలీటర్లకు మించదు. మిగిలినది కొంత చెంపమీదికి కారును. కొంత రెప్పల లోపలి కొననున్న సన్నని రంధ్రముల ద్వారా ముక్కులోనికి దిగును. చుక్క వేసిన పిమ్మట గొంతులో చేదు తగులుట ఇందుచేతనే. మ్రింగిన మాత్ర మొదట కాలేయమును దాటి రావలెను. అచ్చట కొంత విరిగిపోవును. ముక్కు లోపలి పొర పీల్చిన మందు నేరుగా రక్తములో కలియును. పావు మిల్లీగ్రాము స్వల్పమే గాని, ఉబ్బసము గలవానికి అదియే చాలును. చుక్కలను మందుగా లెక్కించక, ఊపిరితిత్తుల వైద్యునితో వానిమాట చెప్పనివారే ఎక్కువ.

దీనికి విరుగుడు ఆశ్చర్యకరముగా సులభము. 1984లో థామ్ జిమ్మర్‌మన్ అను అమెరికా వైద్యుడును ఆయన సహచరులును, చుక్క వేసిన వెంటనే 5 నిమిషములు రెప్పలు మూసియుంచుటయో, ముక్కు ప్రక్కన కంటి కొనను వ్రేలితో నొక్కియుంచుటయో చేసినచో, రక్తములో చేరు మందు 60 శాతమునకు పైగా తగ్గునని చూపిరి. పైగా మందు కంటిలోనే నిలిచి ఎక్కువగా పనిచేయును. 100 సంవత్సరములకు పైగా చుక్కలు వేసిన పిమ్మట లోకమునకు ఈ సంగతి తెలిసినది. నేటికిని చుక్క వేసికొని రెప్పలు టపటప కొట్టువారు ఎందరో. అట్లు కొట్టుటవలన మందు మరింత వేగముగా ముక్కులోనికి పోవును.

కావున చేతులు కడుగుకొని, తల వెనుకకు వాల్చి, క్రింది రెప్పను లాగి, సీసా మొన కంటికి గాని వ్రేలికి గాని తగులనీయక ఒక్క చుక్క మాత్రమే వేయవలెను. రెండవ చుక్క కంటిలో నిలువదు, ఖర్చు మాత్రము మిగులును. పిమ్మట కన్ను మూసి కొనను నొక్కవలెను. రెండు మందులున్నచో నడుమ 5 నిమిషములైన ఆగకున్న రెండవది మొదటిదానిని కడిగివేయును. ఉబ్బసము, గుండెజబ్బు, గర్భము ఉన్నచో కంటి వైద్యునికి ముందే తెలుపవలెను. చుక్కలవలన బాధ కలిగినచో వైద్యునికి చెప్పి మందు మార్పించుకొనవలెను గాని తమంతట తాము మానరాదు.

1996లో అమెరికాలో అనుమతింపబడిన లటానోప్రాస్టు మూడవ మార్గము పట్టినది. జల్లెడను విడిచి, కండరపు సందులగుండ ద్రవము పోవు ప్రక్కదారిని వెడల్పు చేయును. రాత్రివేళ ఒక్క చుక్క చాలును. వెంట్రుకలు పొడుగగుట, లేతరంగు నల్లగుడ్డు ముదురగుట దీని వింతలు. మూత తీయని సీసాలను చాలవరకు చల్లని పెట్టెలో ఉంచవలెను. తీసిన సీసా 25 డిగ్రీలకు మించని చోట 6 వారములు ఆగును. మే నెలలో 40 డిగ్రీలు దాటు మన ప్రాంతములలో దానిని కిటికీ గూటిలో పెట్టినచో మందు చెడును.

అన్ని చుక్కలును పీడనమును తగ్గించునవి కావు. కంటి ఎరుపునకు, దురదకు ఇచ్చు స్టెరాయిడు చుక్కలు కొందరిలో దానిని పెంచునని 1960 నాటి పరిశోధనలు రుజువు చేసెను. వైద్యుడు కొన్ని దినములకు వ్రాసిన చీటీతో నెలలతరబడి అంగడిలో కొని వాడు బాలుర చూపు ఇట్లే పోయిన సందర్భములు కలవు.

ఇంతకును పీడనము తగ్గించుట వలన చూపు నిజముగా నిలుచునా? ఈ ప్రశ్నకు గట్టి జవాబు 2002 వరకు దొరకలేదు. అమెరికాలో పీడనము హెచ్చుగానుండి ఇంకను నాడి చెడని 1,636 మందిని రెండు గుంపులుగా విభజించి పరీక్షించిరి. 5 సంవత్సరములలో చుక్కలు వాడనివారిలో 9.5 శాతమునకు గ్లాకోమా వచ్చెను, వాడినవారిలో 4.4 శాతమునకు.

మన వైపు సంగతి చూతము. గుంటూరు వైద్య కళాశాలలో చదివిన గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదున ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను స్థాపించిరి. ఆ సంస్థ 1996 మొదలు 2000 వరకు నాటి ఆంధ్రప్రదేశమున 10,293 మంది కన్నులను పరీక్షించెను. హైదరాబాదులో చూచిన 2,522 మందిలో, నొప్పిలేని గ్లాకోమా నిశ్చయముగా ఉన్నవారు 27 మంది. వారిలో పలువురికి పీడనము 21 దాటలేదు. కావున పీడనము కొలిచి ఊరకుండక, నాడి మొదలును చూడవలసియున్నది. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి ఉన్నవారికి ఆ పరీక్ష మరింత అవసరము. ఆ 27 మందిలో తమ వ్యాధి సంగతి ముందుగా తెలిసినవారు ఇద్దరు.