విమానం కాళ్ళు ముడిచిన కథ

నేలమీద పరుగెత్తే విమానానికి చక్రాలు ఆధారం. గాలిలోకి లేచిన తరువాత అవే ఆటంకం. వేగం రెండింతలయితే గాలి నిరోధం దాదాపు నాలుగింతలవుతుంది. విమానాలు మెల్లగా ఎగిరినన్నాళ్ళు ఈ నష్టాన్ని ఎవరూ అంతగా లెక్కచేయలేదు. వేగపు పోటీలు వచ్చేసరికి లెక్క మారినది.

1920లో గోర్డన్ బెన్నెట్ కప్పు పోటీకై అమెరికానుండి ఫ్రాన్సు చేరిన డేటన్-రైట్ ఆర్.బి.-1లో చోదకుడు చేతిపిడి త్రిప్పి చక్రాలను విమానం పొట్టలోనికి లాగుకొనేవాడు. అది పోటీ మధ్యలోనే విరమించినది. ఆలోచన మాత్రం నిలిచినది. 1933లో ఎగిరిన సోవియట్ యుద్ధవిమానం ఐ-16లో పిడిని 44 సార్లు త్రిప్పవలసి వచ్చేది. 1935 నాటి డి.సి.-3లో ఆ శ్రమను ద్రవపీడనం తీసికొన్నది.

అయితే కొత్త ప్రశ్న పుట్టినది: చక్రాలు నిజముగా దిగినవా? దిగి బిగిసినవా? చోదకునికి తన చోటినుండి అవి కనిపించవు. సమాధానం చెప్పడానికి దీపాలు అమర్చారు.

1972 డిసెంబరు 29 రాత్రి అమెరికాలో మయామి సమీపాన ఒక ప్రయాణికుల విమానంలో ముందుచక్రపు దీపం వెలగలేదు. చక్రం సరిగానే దిగినది, మాడినవి బల్బులే. సిబ్బంది దృష్టి దీపంమీదనే ఉండగా విమానం మెల్లమెల్లగా ఎత్తు కోల్పోయి చిత్తడినేలలో కూలినది. సుమారు నూరుమంది మరణించారు.

రేడియోతో నడిపే నమూనా విమానానికి ముడుచుకొనే చక్రాలు అమర్చే విద్యార్థికీ ఇదే పాఠం. బల్లమీదనే పదిమార్లు లేపి, దింపి, బిగువు పరీక్షించవలెను. ఎగిరిన తరువాత చూపు విమానంమీదనే ఉండవలెను.