పేరు లేని నేరానికి పేరు

బెర్లిన్ నడివీధిలో 1921 మార్చి 15న ఓ ఆర్మేనియా యువకుడు తలాత్ పాషాను కాల్చి చంపాడు. లక్షలాది ఆర్మేనియన్ల చావుకు కారకుడైన ఒట్టోమన్ మాజీ ప్రధాని ఈ తలాత్. ఒకణ్ని చంపినవాడు బోనెక్కాడు సరే, లక్షల మందిని చంపించినవాణ్ని ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు పట్టుకోలేదని ల్వోవ్‌లో లా చదువుతున్న రఫాయెల్ లెమ్కిన్ ప్రొఫెసర్‌ను నిలదీశాడు. తన కోళ్లను తాను కోసుకుంటున్న రైతు జోలికి మనం వెళ్తామా అన్నాడట ఆయన. లెమ్కిన్ ఆత్మకథలో రాసుకున్న ముచ్చట ఇది. ఆ జవాబు అతనికి మింగుడుపడలేదు.

పోలండ్ యూదుడైన లెమ్కిన్ 1939లో నాజీల నుంచి తప్పించుకుని, మరుసటి ఏడాది స్వీడన్ చేరాడు. అక్కడ కూర్చుని చేసిందేమిటంటే, ఆక్రమిత దేశాల్లో నాజీలు జారీచేసిన ఉత్తర్వులు పోగేయడం. ఎవరికి రేషన్ ఎంత, ఎవరి ఆస్తి జప్తు, ఎవరు ఏ గుర్తు తగిలించుకోవాలి... విడివిడిగా చూస్తే గుమాస్తా కాగితాలే. వరసగా పేర్చితే ఓ జాతిని తుడిచిపెట్టే పథకం బయటపడింది. 1944లో అమెరికాలో అచ్చయిన పుస్తకంలో గ్రీకు, లాటిన్ ముక్కలు అతికించి దానికి ‘జీనోసైడ్’ అని పేరు పెట్టాడు.

మన పత్రికలు ఊచకోత, నరమేధం, మారణహోమం అని ఏది తోస్తే అది వాడేస్తాయి. (హంతకుల పనికి హోమం, మేధం లాంటి యజ్ఞం మాటలెందుకో!) జీనోసైడ్‌కు మనం రాసే ‘జాతిహననం’ మాత్రం కోర్టు మాట. ఎన్ని శవాలు లేచాయన్నది కాదు, ఒక జాతినో మతాన్నో పూర్తిగానో కొంతమేరకో నాశనం చేయాలన్న ఉద్దేశాన్ని రుజువు చేయాలి. 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఒప్పందం చెప్పేదదే. సోవియట్లు తదితరులు పట్టుబట్టడంతో రాజకీయ వర్గాలు రక్షణ పొందే వర్గాల జాబితాలోంచి జారిపోయాయి. ఆ బేరం నేటికీ బాధితులను వెంటాడుతోంది.

అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఈ నేరం కింద తొలి తీర్పు చెప్పడానికి మరో 50 ఏళ్లు పట్టింది. 1998 సెప్టెంబర్ 2న దోషిగా తేలినవాడు రువాండాలో టాబా అనే ఊరికి మేయర్‌గా చేసిన అకయేసు.

భారత్ ఈ ఒప్పందాన్ని ధ్రువీకరించింది 1959 ఆగస్టు 27న. మర్నాడే న్యూయార్క్‌లో లెమ్కిన్ చనిపోయాడు. సంతకమైతే పెట్టాం కానీ చట్టం చేయలేదు. 1984 ఢిల్లీ సిక్కుల హత్యల కేసులో కాంగ్రెస్ మాజీ ఎంపీ సజ్జన్ కుమార్‌కు యావజ్జీవం వేస్తూ 2018లో ఢిల్లీ హైకోర్టు ఈ లోటునే ఎత్తిచూపింది. ఆ తర్వాత వచ్చిన కొత్త శిక్షాస్మృతి భారతీయ న్యాయ సంహితలోనూ జాతిహననానికి సెక్షన్ లేదు.